రెహానా టెస్టింగు అని ఇక అనకండి

నాకు ముప్పై మూడేళ్ళు. రిటైరయ్యానంటే మా వీధిలో ఆడోళ్ళు నవ్వుతున్నారు. "తెల్లెంట్రుక ఒక్కటి లేదు, నీకు రిటైర్మెంటేంటే?" అంటారు. నిజమే. కానీ పదకొండేళ్ళు సాల్డరింగు పొగ పీల్చేసరికి రెండు మెట్లెక్కితే చాలు, ఛాతీలో పిల్లికూతలు. డాక్టరు గారు మొహం మీదే చెప్పేశారు: "ఆ పొగ మానకపోతే నా దగ్గరికి రావడం మానెయ్యమ్మా." సరే, పొగే మానేశాను.

గుడివాడలో మా షాపుకి కొత్తగా ముగ్గురమ్మాయిలు వస్తున్నారు. మా ఓనరు సుబ్బారావు మావయ్య (చుట్టం కాదు, అక్కడ అందరూ అలాగే పిలుస్తారు) నాకో నోటుబుక్కు ఇచ్చి, "నీకు తెలిసింది రాసిపెట్టమ్మాయ్, వాళ్ళకి పనికొస్తుంది" అన్నారు. నేను చదివింది టెన్తు. మాట్లాడినట్టే రాస్తాను. నచ్చకపోతే పేజీ తిప్పేయండి. కానీ మధ్యలో రెహానక్క పేరొస్తుంది, అక్కడ మాత్రం తిప్పకండి.

మేం చేసే డబ్బా

ముదినేపల్లి వైపు రొయ్యల చెరువులు మీకు తెలుసు. నీళ్ళలో గాలి తగ్గితే రొయ్య పైకి తేలుతుంది, గట్టుకొస్తుంది, ఇక చచ్చినట్టే. అలా తగ్గకముందే రైతు ఫోనుకి రింగిచ్చే డబ్బా మేం చేస్తాం. నీళ్ళలో ఒక ప్రోబు ఉంటుంది. దాన్నుంచి వచ్చే సన్న కరెంటుని అంకెలుగా మార్చే చిప్పొకటి, ఫోను చేసే ముక్కొకటి, ఒక బ్యాటరీ. అంతే. చూడటానికి టిఫిన్ బాక్సులా ఉంటుంది.

చిప్పుని డబ్బాలో పెట్టి సాల్డరింగు చేసే ముందు బ్రెడ్ బోర్డు మీద పెట్టి చూస్తాం. బ్రెడ్డుకీ దానికీ సంబంధం లేదు, చిల్లుల పలక అది. వైరు గుచ్చితే పట్టుకుంటుంది, లాగితే వచ్చేస్తుంది. దాని చివర ఒక చిన్న పవర్ బోర్డు ఎక్కించి అడాప్టరు పెడితే, పలకకి ఎడంవైపు ఒక లైను, కుడివైపు ఒక లైను కరెంటొస్తుంది. ఏ లైనుకి ఎంత కావాలో మనమే చెప్పాలి. ఎలా చెప్పాలి? ప్రతి లైనుకి నాలుగు పుల్లలుంటాయి, వాటి మీద బియ్యపుగింజంత నల్ల మూత తొడగాలి. ఆ చివర తొడిగితే అయిదు వోల్టులు, ఈ చివర తొడిగితే మూడు పాయింట్ మూడు, మధ్యలో అయితే ఆఫ్. ఆ మూతల్ని మా షాపులో టోపీలంటాం.

మీరు చేసే తప్పుల్లో సగం ఆ టోపీల దగ్గరే జరుగుతాయి.

ఎర్రగీత తెగిన చోట

నేను చేరినప్పుడు మేడ మీద బల్ల దగ్గర రెహానక్క ఒక్కతే ఉండేది. బందరు నుంచి రోజూ పాసింజరు బండిలో వచ్చేది. నాకన్నా ఆరేళ్ళు పెద్ద. నవ్విందంటే కింద కూర్చున్న మావయ్యకి వినిపించేది.

మొదటి వారం నేను ఒక బజరు మోగించడానికి పొద్దున్నుంచి తంటాలు పడ్డాను. వైర్లన్నీ కరెక్టు. టోపీ కరెక్టు. అడాప్టరు మార్చాను, బజరు మార్చాను. ఏడుపొచ్చేస్తోంది. రెహానక్క తన పని తను చేసుకుంటూ ఓరగా చూస్తోంది.

"చెప్పొచ్చుగా అక్కా!"

"ఏం చెప్పను? దేవుడు రెండు కళ్ళిచ్చాడుగా. ఆ ఎర్రగీత చూడవే."

పలక అంచున ఎర్రగీత ఒకటుంటుంది, కరెంటు లైను అని గుర్తు. చూస్తే అది సగంలో తెగి మళ్ళీ మొదలైంది. పైన గీత తెగితే లోపల రేకు కూడా తెగినట్టే. నేను కరెంటిచ్చింది ఈ సగానికి, బజరు గుచ్చింది ఆ సగంలో.

"ఉయ్యూరు బస్సెక్కి హంసలదీవి ఎప్పుడొస్తదా అని కూర్చున్నావే నువ్వు" అని పడీపడీ నవ్వింది. తర్వాత తన క్యారేజీలో బిర్యానీ సగం నా గిన్నెలో వేసింది. ఆ రోజు నుంచి గిన్నెలు మార్చుకుని తినడమే. నా పప్పు ఆవిడకి, ఆవిడ కూర నాకు.

అలాంటి పలకలైతే మధ్యలో ఒక ముక్క వైరు వేసి రెండు సగాలూ కలపండి. ఇంకోటి, పవర్ బోర్డు మీద అచ్చేసిన అంకెని నమ్మకండి. మీటరు పెట్టి చూశాకే చిప్పు గుచ్చండి. ఒకసారి వచ్చిన బోర్డులో మూడు పాయింట్ మూడు అని రాసున్న చోట నాలుగున్నర వస్తోంది. మావయ్య దాన్ని పట్టుకుని, "వీడెవడో గానీ చేత్తో ఒకటిచ్చి నోటితో ఒకటి చెప్పే రకం" అన్నారు. మావయ్య చేయి బంగారం. అది ఒప్పుకోవాలి. చెవులే కొంచెం మందం. ఎదుటివాళ్ళ మాట పూర్తి కాకముందే ఆయనకి తీర్పు వచ్చేస్తుంది.

బల్ల దగ్గర కట్టుబాటు ఒకటుంది, అది రెహానక్క పెట్టింది. బల్ల దగ్గర్నుంచి లేస్తే, నీళ్ళకైనా సరే, టోపీలు రెండూ తీసి సీసా మూతలో వేసి లేవాలి. మళ్ళీ వచ్చాక ఏది ఎక్కడ పెట్టాలో ఆలోచించుకుని పెట్టాలి. "ఖాళీ పుల్లలు అడుగుతాయే, ఎంత కావాలని. టోపీ పెట్టుంటే అడగవు" అనేది.

నేను ఆ కట్టుబాటు తప్పాను.

ఆ మధ్యాహ్నం

చేరి నాలుగేళ్ళయింది. చేయి తిరిగిందన్న పొగరు వచ్చేసింది. ఆ రోజు రెహానక్క రాలేదు, వాళ్ళమ్మకి ఒంట్లో బాగాలేదు. నేను ఎడంవైపు లైనుని అయిదుకి మార్చి ఒక బజరు చూశాను. ఈలోపు మా పిన్ని ఫోను. నాకు కబుర్లంటే లోకం తెలీదు కదా. మాట్లాడుతూనే కిందకెళ్ళి అన్నం తిన్నాను. టోపీ అక్కడే ఉంది, అయిదు మీద.

వచ్చాను. ఇంకా మాట్లాడుతూనే ఉన్నాను, చెవికీ భుజానికీ మధ్య ఫోను. అంకెల చిప్పు తీసి ఎడంవైపు గుచ్చాను. ఎడంవైపు ఎప్పుడూ మూడు పాయింట్ మూడేగా. ఆ చిప్పు అంతకు మించి తట్టుకోదు.

వాసన రాలేదు, పొగ రాలేదు. అంకెలు కూడా వచ్చాయి. ఏదో తేడాగా అనిపించి వేలు పెట్టాను. చుర్రుమంది. గబుక్కున పీకేశాను. టోపీ మార్చి, చల్లారాక మళ్ళీ గుచ్చితే చక్కగా పనిచేసింది.

అలాంటి చిప్పుని ఏం చేయాలో మాకు తెలుసు. జబ్బు డబ్బా అని ఒకటుంది, అందులో వేయాలి. కానీ ఆ చిప్పు ఆఖరిది. కొత్తవి విజయవాడ నుంచి రావాలి. ముదినేపల్లి రైతు నాగమణి గారి డబ్బా ఆ వారంలో ఇచ్చేయాలి. అన్నింటికన్నా పెద్ద సంగతి, మావయ్యతో చెప్పాలంటే సిగ్గు. నాలుగేళ్ళుగా పనిచేస్తున్న దాన్ని, టోపీ చూసుకోలేదని ఎలా చెప్పను? పీకే హడావుడిలో దాని పక్కనుండే సన్న రేకు కాళ్ళలో ఒకటి వంగింది. పట్టకారుతో సరిచేసి డబ్బాలో పెట్టి సాల్డరింగు చేసేశాను.

ఇది బాగా గుర్తుపెట్టుకోండి. కాలిపోయిన చిప్పు మంచిది. కాలిపోయానని చెప్పి చచ్చిపోతుంది. కాలకుండా బతికిన చిప్పే ప్రమాదం. లోపల జబ్బుంటుంది, పైకి మాత్రం బాగానే నడుస్తుంది. పదిరోజులో, నెలో.

మర్నాడు రెహానక్క వచ్చి ఆ డబ్బా టెస్టు చేసింది. ఒకరు చేస్తే ఇంకొకరు టెస్టు చేసి చీటీ మీద సంతకం పెట్టాలి, అది మా పద్ధతి. ఒక బకెట్లో మామూలు నీళ్ళు, ఒక గిన్నెలో కాచి చల్లార్చిన నీళ్ళు. కాచిన నీళ్ళలో గాలి ఉండదు కదా, ప్రోబు అందులో ముంచితే ఫోను మోగాలి. ముంచింది. మోగింది. "మోగిందే" అని నాకు చెప్పి సంతకం పెట్టింది. నేను విన్నాను.

ఇది మోగలేదమ్మా

మూడు వారాల తర్వాత నాగమణి గారు ముదినేపల్లి బస్సు దిగి షాపుకొచ్చారు. చెరువు కౌలుకి తీసుకుని సొంతంగా చూసుకునే మనిషి. ఒళ్ళో ఆ డబ్బా పెట్టుకుని కూర్చుని వచ్చారంట, పసిపిల్లని తెచ్చినట్టు. దాన్ని బల్ల మీద పెట్టి, "ఇది మోగలేదమ్మా" అన్నారు.

అంతకుముందు రెండు రోజులు ముసురు, ఎండ లేకపోతే నీళ్ళలో గాలి తగ్గుతుంది. అయినా అవనిగడ్డలో కూతురి సీమంతం, పొద్దున్నే బయల్దేరారు. "డబ్బా ఉందిగా, మోగుతుందిగా అని ధైర్యంగా వెళ్ళానండీ" అన్నారు. ఈలోపు కరెంటు పోయింది, నీళ్ళు తిప్పే చక్రాలు ఆగిపోయాయి. ఎవరో చూసి ఫోను చేసేసరికి రొయ్యంతా గట్టుకొచ్చి పడుంది. పట్టుబడికి ఇంక పదిరోజులుందనగా.

మావయ్య ప్రోబు బకెట్లో ముంచారు. ఆరు చూపించింది, అంటే గాలి బాగానే ఉన్నట్టు. కాచిన నీళ్ళలో ముంచారు. ఆరే. గాల్లో ఎత్తి పట్టుకున్నారు. ఆరే. చీటీ తీశారు. రెహానక్క సంతకం.

"కాచిన నీళ్ళలో ముంచావా, లేదా?"

"ముంచాను మావయ్యా."

"ముంచితే ఇట్టా ఎందుకుంటది? ముంచకుండానే గీకావా సంతకం?"

"లేదు మావయ్యా, ముంచాననే... ఆ రోజు నాలుగు డబ్బాలు టెస్టు చేశాను..."

"అదీ! నాలుగింట్లో ఒకటి ఎగ్గొట్టావు."

రెహానక్క నా వైపు చూసింది. సాక్ష్యం కోసం కాదు, పాపం. తనకే గుర్తు తప్పిందేమోనని, నాకేమన్నా గుర్తుందా అన్నట్టు చూసింది. నా ముందు డబ్బా మూత తీసుంది. వంగి సరిచేసిన కాలు నాకు కనిపిస్తూనే ఉంది.

నా నోట్లో నువ్వుగింజ నానదంటుంది మా అమ్మ. ఆ ఒక్క మాట మాత్రం ఏడేళ్ళు నానింది.

నాగమణి గారు కూడా నాలుగు మాటలన్నారు, పంట పోయిన మనిషి, అనకుండా ఎలా ఉంటారు? రెహానక్క గిన్నె కడుక్కుని, సంచి తీసుకుని, సాయంత్రం బండికి వెళ్ళిపోయింది. మావయ్య పొమ్మనలేదు. ఆవిడే మళ్ళీ రాలేదు.

ఒక్కదాన్నే

తర్వాత ఏడేళ్ళు మేడ మీద నేనొక్కదాన్నే. టెస్టు కూడా నేనే, సంతకం కూడా నేనే. పనిలో తప్పు జరగలేదు. భయంతో చేసిన పనిలో తప్పులు తక్కువే వస్తాయి. కానీ రోజంతా మాట్లాడే దాన్ని, మాట్లాడ్డానికి మనిషి లేదు. రేడియో పెట్టుకుంటే అది నా మాట వినదు కదా. ఒక్కోసారి పవర్ బోర్డుతోనే అనేదాన్ని, "ఏమే, ఎంతిస్తున్నావు ఇవాళ?" అని. మీటరు పెడితే జవాబు చెప్పేది. మధ్యాహ్నం గిన్నె మూత తీస్తే పొద్దున నేను వండిన పప్పే ఉండేది. ఏముందో ముందే తెలిసిన గిన్నె తెరవాలంటే ఎంత విసుగో మీకు తెలీదు.

ఫోను చేయొచ్చుగా అంటారు. నెంబరు తీసేదాన్ని, పెట్టేసేదాన్ని. బాగున్నావా అక్కా అని మొదలుపెడితే తర్వాత ఏం చెప్పాలి?

ఈలోపు షాపులో ఒక మాట పుట్టింది. కింద ఎవరన్నా పని సరిగ్గా చూడకుండా వదిలేస్తే, "రెహానా టెస్టింగు చేశావా ఏంటి?" అనేవాళ్ళు. మొదట మావయ్య అన్నారు, తర్వాత ఫిట్టింగు వాళ్ళు, తర్వాత డబ్బాలు కొనుక్కెళ్ళే రైతులు కూడా. అన్న ప్రతిసారీ అందరూ నవ్వేవాళ్ళు. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదంటారేమోనని నేను కూడా నవ్వేదాన్ని. టోపీ సంగతి ఒక్కరోజు తప్పు. ఈ నవ్వు మాత్రం ఏడేళ్ళ తప్పు.

మిషనా అండీ?

మొన్న నేను మానేసే వారం, మీ ముగ్గురిలో ఒకమ్మాయి షాపు చూసి వెళ్దామని వచ్చింది. మావయ్య బకెట్టూ గిన్నే చూపించి, "ఇక్కడ రెహానా టెస్టింగు కుదరదమ్మాయ్" అన్నారు.

ఆ పిల్ల బుద్ధిగా తలూపి, ఆయన వెళ్ళాక నన్ను అడిగింది: "రెహానా అంటే ఏంటండీ? పాత మిషనా?"

గిన్నెలో బిర్యానీ వేసిన మనిషి, ఎర్రగీత చూపించిన మనిషి, మిషనా అండీ అంటే నేనేం చెప్పను? నేనూ వెళ్ళిపోతే ఆ పేరు వెనక ఒక మనిషుందని కూడా ఎవరికీ తెలీదు. మర్నాడే బందరు బండెక్కాను.

పెడన

ఇంటికెళ్తే, పెడనలో అద్దకం షెడ్డుకి వెళ్తోందని చెప్పారు. వెనక్కొచ్చి పెడనలో దిగాను. పొడుగాటి బల్ల ముందు నిలబడి గుడ్డ మీద అచ్చు కొడుతోంది. చేతులు మోచేతిదాకా ఎరుపు. నన్ను చూసి నవ్వింది. అదే నవ్వు.

"ఏంటే, ఇంత లావయ్యావు? ఆయాసపడుతున్నావేంటి?"

పక్క బల్ల దగ్గరున్న ఒక పెద్దావిడ నన్ను చూసి, "మీరైనా చెప్పండమ్మా" అంది. "ఈవిడకి డేగ కళ్ళు. చెకింగు బల్ల దగ్గర కూర్చోవే, నడుంనొప్పి తప్పుద్దని రెండేళ్ళ నుంచి బతిమాలుతున్నాం. కూర్చోదు."

"నా చెకింగు సంగతి నీకు తెలీదులే పిన్నీ" అంది రెహానక్క, నవ్వుతూనే.

ఇంక కూర్చుని, నీళ్ళు తాగి, కుశలాలు అడిగి చెప్పే ఓపిక నాకు లేకపోయింది. నిలబడే చెప్పేశాను. టోపీ, మా పిన్ని ఫోను, వేడి, వంగిన కాలు, అన్నీ.

చేతిలో అచ్చు కింద పెట్టింది.

"కాచిన నీళ్ళలో ముంచానా?"

"ముంచావక్కా. మోగింది. మోగిందే అని నాతో చెప్పావు."

"ముంచాను."

"ముంచావు."

"వీధి చివరిదాకా వెళ్ళి, స్టవ్ కట్టేశానో లేదో అని వెనక్కి పరిగెత్తుతానే. రోజూ. తాళం వేసి మూడుసార్లు లాగుతాను. మా ఆయన నవ్వుతాడు. నా బుర్రే అంత అనుకున్నా. చేయని పని చేశాననుకునే బుర్ర అనుకున్నా."

నేను ఏడ్చాను. అది చూసి ఆవిడకి కోపం వచ్చింది.

"ఆ ముసలాయనకి చెప్పావా?"

"ఇంకా లేదు."

"మరి నా దగ్గరికెందుకొచ్చావు ముందు? నేనేం తప్పు చేయలేదని నాకు చెప్తే చాలా? నా పేరు పోయిన చోట చెప్పు. నా ఎదురుగా ఏడిస్తే నీకు బరువు దిగుద్ది, నాకేం దిగుద్ది? వెళ్ళు."

టీ తాగి వెళ్ళమని కూడా అనలేదు. పెద్దావిడ మంచినీళ్ళు తేబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. స్టేషన్లో బండి వచ్చేదాకా సిమెంటు బల్ల మీద ఒక్కదాన్నే కూర్చున్నాను.

చెప్పాల్సిన చోట

మావయ్య అంతా విన్నారు. నా మాట పూర్తిగా విన్నది అదే మొదటిసారి. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అయిపోయిందాన్ని ఇప్పుడెందుకు తవ్వడం అమ్మాయ్?" అన్నారు.

"ఆవిడ పేరుతో మీరు రోజూ తవ్వుతూనే ఉన్నారుగా మావయ్యా."

అంత మాట ఆయన్ని నేనెప్పుడూ అనలేదు. ఆయన లేచి కిందకెళ్ళిపోయారు.

ముదినేపల్లి కూడా వెళ్ళాను. నాగమణి గారు ఇప్పుడు చెరువు మానేసి కోళ్ళు పెంచుతున్నారు. తిడతారనుకుని గట్టిగా నిలబడ్డాను. ఆవిడ మేత పోయడం ఆపి, "ఆ బందరు పిల్లని నేనెంతెంత మాటలన్నానమ్మా" అన్నారు. అంతే. నన్ను చూడను కూడా లేదు తర్వాత.

ఇది రాస్తున్నది మీకోసం. ముగ్గురూ చదవండి. చిప్పు వేడెక్కితే జబ్బు డబ్బాలో వేయండి, ఆఖరిదైనా సరే, ఎవరు తిట్టినా సరే. డబ్బా ఆలస్యమైతే రైతు తిట్టి ఊరుకుంటాడు. ఆ నెలంతా తనే చెరువు దగ్గర పడుంటాడు. మీరిచ్చిన డబ్బాని నమ్మితే మాత్రం ఊరెళ్తాడు. సంతకం చేసేవాళ్ళు మీరు చెప్పిందే టెస్టు చేయగలరు, మీరు దాచింది టెస్టు చేయలేరు. షాపులో ఎవరన్నా రెహానా టెస్టింగు అంటే, రెహానా సరిగ్గానే టెస్టు చేసిందండీ, తప్పు ఈ నోటుబుక్కు రాసిన దుర్గది అని చెప్పండి. మావయ్య అన్నా సరే.

నిన్న నా ఫోనుకొకటి వచ్చింది కాబట్టి ఈ ఆఖరి ముక్క రాస్తున్నాను. రెహానక్క వాయిస్ మెసేజి పెట్టింది. వెనక అచ్చులు కొడుతున్న చప్పుడు.

"ముసలాయన ఫోను చేశాడే. సారీ అనలేదు. దగ్గాడు, బాగున్నావా అన్నాడు, మళ్ళీ దగ్గాడు. సరేలే, ఆయనకి అంతే వచ్చు. రేపట్నుంచి చెకింగు బల్ల దగ్గర కూర్చుంటున్నా. నువ్వు మాత్రం రాకు."

వెళ్ళను. ఆవిడ వద్దంది కాబట్టి వెళ్ళను.